టోయిక్ 880 ఉన్న ఇంజినీరు ఏ పరీక్ష రాయాలి? నగోయా నుంచి ఒక కేస్ స్టడీ

ముందు క్లయింట్ వివరాలు. వయసు 34. జపాన్‌లోని ఐచి ప్రిఫెక్చర్‌లో కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ ఇంజినీరు. మెకానికల్‌లో బ్యాచిలర్ డిగ్రీ, 11 ఏళ్ళ అనుభవం. భార్య నర్సు, ఒక పాప. టోయిక్ స్కోరు 880, అందులో లిజనింగ్ 470, రీడింగ్ 410. ఆస్ట్రేలియాలో స్థిరపడి అక్కడే ఇంజినీరుగా పనిచేయాలని కోరిక. ఆయన్ని ఇక్కడ కె-సాన్ అంటాను. ఆయన సరే అన్నాకే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

నగోయా చుట్టుపక్కల ఉద్యోగస్తులకు ఏ ఇంగ్లిష్ పరీక్ష రాయాలో చెప్పడం, దానికి తయారుచేయడం నా పని. అమీర్‌పేటలో ఇంగ్లిష్ పరీక్ష అంటే ఐఈఎల్‌టీఎస్, టోఫెల్, పీటీఈ, ఈమధ్య డ్యులింగో. జపాన్‌లో ఆ మాట ఎత్తితే ముందు టోయిక్ అంటారు, తర్వాత ఎయికెన్ అంటారు. మిగతావన్నీ ఆ తర్వాతే. జపాన్‌లో ఉంటున్న మనవాళ్ళలో కూడా చాలామందికి ఈ రెండింటి లెక్క తెలీదు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

2025 ఏప్రిల్‌లో కె-సాన్ మొదటిసారి వచ్చినప్పుడు అడిగిన ప్రశ్న, నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరూ అడిగేదే. "సెన్‌సేయ్, మా జపాన్ వాళ్ళకి ఏ పరీక్ష తేలిక?" దీనికి నేను నేరుగా జవాబు చెప్పను. ఆ స్కోరు కాగితం ఎవరి టేబుల్ మీదికి వెళ్తుందో రాయండి అని ఒక తెల్లకాగితం ఇస్తాను. ఆయన రాసినవి మూడు: ఇంజినీర్స్ ఆస్ట్రేలియా, ఆస్ట్రేలియా హోం అఫైర్స్ శాఖ, రేపు ఉద్యోగం ఇచ్చే కంపెనీ. మొదటిది ఇంజినీరింగ్ అర్హతలను మదింపు చేసే సంస్థ, రెండోది వీసా ఇచ్చేది. మూడోదానికి స్కోరుతో పెద్దగా పనిలేదు, ఇంటర్వ్యూలో మాట్లాడితే వాళ్ళకే తెలిసిపోతుంది. మొదటి రెండు టేబుళ్ళ మీదా టోయిక్ కాగితం చెల్లదు.

కె-సాన్‌కి ఇది కొంచెం కష్టంగానే అనిపించింది. 880 తెచ్చుకోవడానికి ఆయన ఎంత చదివారో నాకు తెలుసు.

టోయిక్ విలువ ఎక్కడిదాకా

మన పిల్లలు రాసే జీఆర్ఈని, టోఫెల్‌ని నడిపే ఈటీఎస్ సంస్థే టోయిక్‌నీ తయారుచేస్తుంది. కానీ అడిగి చేయించుకున్నది జపాన్. కితావొకా యసువొ అనే ఆయన పట్టుబట్టి ఈటీఎస్‌ను ఒప్పించగా 1979లో జపాన్‌లోనే మొదటి పరీక్ష జరిగింది. ఆఫీసు పనికి సరిపడే ఇంగ్లిష్ ఉందో లేదో చూడటం దాని ఉద్దేశం. మామూలుగా టోయిక్ అంటే లిజనింగ్, రీడింగ్ మాత్రమే: 200 ప్రశ్నలు, రెండు గంటలు, గరిష్ఠంగా 990. స్పీకింగ్, రైటింగ్ పరీక్ష వేరే ఉంది కానీ, దాన్ని రాసేవాళ్ళు బాగా తక్కువ.

అంటే నోరు తెరవకుండా, ఒక్క వాక్యం రాయకుండా 990 తెచ్చుకోవచ్చు. తప్పు జవాబుకి మార్కులు కోయరు కాబట్టి, 75 నిమిషాల రీడింగ్‌లో చివరికి టైం చాలక మిగిలిన గళ్ళన్నీ చకచకా నింపేస్తారు. దీన్ని టోయిక్ రాసేవాళ్ళు 'నురియె' అంటారు, పిల్లలు బొమ్మలకు రంగులేసే పుస్తకం లాంటిదన్నమాట.

అలాగని టోయిక్‌ని తక్కువ చేయను. జపాన్‌లో ప్రమోషన్లు, విదేశీ పోస్టింగులు చాలాచోట్ల దాని మీదే నడుస్తాయి. 2010లో రకుతెన్ అధినేత మికితాని హిరోషి, కంపెనీ లోపల ఇంగ్లిషే వాడాలని ప్రకటించినప్పుడు ఉద్యోగుల ముందు పెట్టిన కొలబద్ద కూడా టోయిక్కే. కె-సాన్ కంపెనీలో విదేశీ పోస్టింగుకి 730 అడుగుతారు. అది ఆయన ఎప్పుడో దాటేశారు. కంపెనీ తరఫున అమెరికాలో ప్లాంటుకి వెళ్ళే పనైతే ఇంకో పరీక్ష అక్కర్లేదు. హెచ్-1బీ, ఎల్-1 వీసాలకు ఇంగ్లిష్ స్కోరు అడగరని మన తెలుగువాళ్ళకు నేను చెప్పాల్సిన పనిలేదు. సింగపూర్ ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కీ అంతే. అలాంటి క్లయింట్లకు ఆ డబ్బు పెట్టి మాట్లాడటం నేర్చుకోండి అని చెప్పి పంపేస్తాను. జపాన్‌లో టోయిక్ ఫీజు ఎనిమిది వేల యెన్‌ల లోపే, ఐఈఎల్‌టీఎస్ పాతిక వేల పైమాటే. అక్కర్లేని పరీక్ష రాయించడం నాకు నచ్చదు.

ఎయికెన్ సంగతి కూడా ఒక్క మాటలో. 1963 నుంచి ఉంది, పై గ్రేడుల్లో ఇంటర్వ్యూ కూడా ఉంటుంది, పరీక్షగా మంచిదే. కె-సాన్ హైస్కూల్లో ఉండగా రెండో గ్రేడ్ పాసయ్యారు. విదేశాల్లో కొన్ని యూనివర్సిటీలు తీసుకుంటాయి, ఆస్ట్రేలియా వీసాకి మాత్రం చెల్లదు.

పాయింట్ల లెక్క

ఆస్ట్రేలియా స్కిల్డ్ వీసాలు పాయింట్ల మీద నడుస్తాయి. కనీసం 65 ఉంటేనే దరఖాస్తు చేసుకోమని పిలుపు వచ్చే అవకాశం. కె-సాన్‌కి వయసుకి 25 (33 నుంచి 39 ఏళ్ళ దాకా ఇంతే), బ్యాచిలర్ డిగ్రీకి 15, ఎనిమిదేళ్ళకు పైబడిన విదేశీ అనుభవానికి 15. మొత్తం 55. మిగిలిన పది ఎక్కడి నుంచి తేవాలన్నదే అసలు సమస్య.

ఇంగ్లిష్‌కి ఐఈఎల్‌టీఎస్ లెక్కలో చెప్తే: నాలుగు విభాగాల్లోనూ 6 వస్తే అర్హత ఉన్నట్టే, పాయింట్లు మాత్రం సున్నా. నాలుగింటా 7 వస్తే 10, నాలుగింటా 8 వస్తే 20. సగటు చూడరు, ప్రతి విభాగంలోనూ ఆ అంకె రావాలి. మనవాళ్ళు కూడా బోల్తా పడేది ఇక్కడే. ఓవరాల్ ఏడున్నర వచ్చిందని ఇంట్లో స్వీట్లు పంచుతారు, రైటింగ్‌లో ఆరున్నర దగ్గర ఆగిపోయిన సంగతి వీసా ఫారం నింపేటప్పుడు గుర్తొస్తుంది.

భార్యకు కూడా నాలుగింటా 6 స్థాయి ఇంగ్లిష్ ఉంటే ఇంకో 5. అనువాదకులకు గుర్తింపునిచ్చే ఆస్ట్రేలియా సంస్థ నాటీ, సీసీఎల్ అని ఒక పరీక్ష పెడుతుంది, రెండు భాషల మధ్య సంభాషణని నోటితో అనువదించాలి. అది జపనీస్‌లో పాసైతే మరో 5. ఈ సీసీఎల్ తెలుగులోనూ ఉంది, ఆస్ట్రేలియాలో చదువుకునే మన పిల్లలు చాలామంది దీని మీదే ఆశ పెట్టుకుంటారు. రాష్ట్రం నామినేట్ చేస్తే 190 వీసాకి 5. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప మిగతా ప్రాంతాలకు ఇచ్చే 491 వీసాకైతే 15. ఆ 491లో పెర్త్, అడిలైడ్ కూడా వస్తాయి, కాకపోతే అది తాత్కాలిక వీసా. మూడేళ్ళు అక్కడ ఉండి, ఆదాయప్పన్ను లెక్కలు చూపించాక శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

నేను చూసేది ఇంగ్లిష్ వరస ఒక్కటే. మిగతా వరసలు రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంట్‌తో సరిచూసుకోవాలని ప్రతి క్లయింట్‌కీ చెప్తాను, కె-సాన్‌కీ చెప్పాను. ఆయన అప్పటికే ఒక ఏజెంట్‌తో మాట్లాడుతున్నారు. 491 తాత్కాలికమని ఆయనకి ఇష్టం లేదు. శాశ్వత వీసాతోనే దిగాలి, పాపని మధ్యలో స్కూళ్ళు మార్చకూడదు అన్నారు. అంటే లక్ష్యం నాలుగింటా 7.

మూడు పరీక్షలు, ఒక మనిషి

అప్పట్లో ఆస్ట్రేలియా ఒప్పుకున్న వాటిలో కె-సాన్ నోటికి వచ్చినవి మూడు: ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ ఐబీటీ, పీటీఈ అకడమిక్. టోఫెల్‌ని త్వరగానే పక్కన పెట్టాం. ఆయన వచ్చినప్పటి ఆస్ట్రేలియా స్కోర్ల పట్టికలో పది పాయింట్లకు టోఫెల్ రైటింగ్‌లో 30కి 27 కావాలి. రైటింగే బలహీనమైన మనిషిని, రైటింగ్ గీత అంత ఎత్తున ఉన్న పరీక్షకు ఎవరు పంపుతారు?

పీటీఈ మీద ఆయనకి మొదటి నుంచీ మోజు. మార్కులు కంప్యూటర్ వేస్తుంది, ఎదురుగా మనిషి ఉండడు, టెన్షన్ ఉండదు అని స్నేహితుడు చెప్పాడట. సిగ్గరులకు పీటీఈ మేలు అనే మాట జపాన్‌లో బాగా వినిపిస్తుంది. నాకు దాని మీద అనుమానం ఉన్నా వాదించలేదు, నమూనా పరీక్షకి కూర్చోబెట్టాను.

డిస్క్రైబ్ ఇమేజ్ అనే ప్రశ్నలో ఒక బార్ గ్రాఫ్ వచ్చింది. చూసుకోవడానికి 25 సెకన్లు, చెప్పడానికి 40 సెకన్లు. గ్రాఫులు చదవడం ఆయన రోజూ చేసే పని, విషయం అర్థం కాకపోవడమన్నది లేదు. మొదటి వాక్యం చక్కగా చెప్పారు. రెండో వాక్యం తలలో కూర్చుకుంటూ ఆగారు. పీటీఈలో మూడు సెకన్లు మౌనంగా ఉంటే మైకు కట్టేస్తుంది. తెర మీద కంప్లీటెడ్ అని వచ్చేసింది. ఆయన అలవాటుకొద్దీ కంప్యూటర్‌కే "సుమిమాసెన్" (క్షమించండి) అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం కానీ ఆ విభాగంలో స్కోరు 48.

జపాన్‌లో ప్రశ్న విని, ఒక క్షణం ఆగి, ఆలోచించి చెప్పడం మర్యాద. ఎదురుగా మనిషి ఉంటే ఆ ఆగడాన్ని కొంత అర్థం చేసుకుంటారు, మైకుకి ఆ ఓపిక లేదు. ఉచ్చారణ ఇంకో చిక్కు. జపనీస్‌లో మాట దాదాపుగా అచ్చుతోనే ముగుస్తుంది కాబట్టి 'స్ట్రెంగ్త్' అన్న మాట 'సుతొరెంగుసు' అయిపోతుంది. బస్సు, కారు, రోడ్డు అనే మనకి ఈ ఇబ్బంది తెలియనిది కాదు. కాకపోతే మనం చిన్నప్పటి నుంచీ ఇంగ్లిష్ వింటూ పెరుగుతాం కాబట్టి త్వరగా సర్దుకుంటాం. కె-సాన్‌కి ముప్ఫై దాటాక మొదలైంది.

అప్పటికి పీటీఈలో పది పాయింట్లకు నాలుగు విభాగాల్లోనూ 65 చాలు. ఆయన ఇంకా ఊగిసలాడుతూనే ఉన్నారు. ఈలోగా 2025 ఆగస్టు 7 నుంచి ఆస్ట్రేలియా పట్టిక మార్చేసింది. పీటీఈలో అదే స్థాయికి లిజనింగ్ 58, రీడింగ్ 59, రైటింగ్ 69, స్పీకింగ్ 76 కావాలి. ఆయన బలంగా ఉన్నచోట గీత దిగింది, ఆయన తడబడే చోట 11 పాయింట్లు పెరిగింది. ఐఈఎల్‌టీఎస్‌కి మాత్రం నాలుగింటా 7 అన్నది అలాగే ఉంది. ఇక చర్చ లేదు.

ఐఈఎల్‌టీఎస్‌లో మళ్ళీ రెండు రకాలు: అకడమిక్, జనరల్ ట్రైనింగ్. వలస వెళ్ళేవాళ్ళకు జనరల్ తేలిక అని మన దగ్గరా జపాన్‌లోనూ ఒకటే మాట. ఆస్ట్రేలియా వీసాకీ, ఇంజినీర్స్ ఆస్ట్రేలియాకీ రెండూ చెల్లుతాయి. నేను అకడమిక్ రాయించాను. జనరల్ రైటింగ్‌లో మొదటి ప్రశ్న ఉత్తరం. జపనీస్ ఉత్తరం ఋతువు గురించి, ఆరోగ్యం గురించి రెండు వాక్యాలు అయ్యాక గానీ అసలు విషయానికి రాదు. కె-సాన్ ఇంగ్లిష్‌లో రాసిన ఫిర్యాదు ఉత్తరం సగం వరకు క్షమాపణలే, చివరికి ఫిర్యాదు ఏమిటో తేలలేదు. అకడమిక్‌లో మొదటి ప్రశ్న గ్రాఫో పట్టికో. కంట్రోల్ చార్టులతో పదేళ్ళకు పైగా కాపురం చేసిన మనిషి దాన్ని వదులుకోవడమేంటి? పైగా జనరల్ రీడింగ్‌లో అదే 7 రావడానికి ఇంకొన్ని ఎక్కువ జవాబులు సరిగ్గా పెట్టాలి.

తయారీ

మొదటి నమూనా ఐఈఎల్‌టీఎస్‌లో వచ్చినవి: లిజనింగ్ 7.5, రీడింగ్ 7, రైటింగ్ 5.5, స్పీకింగ్ 5.5. టోయిక్ 850, 900 మధ్య ఉన్న చాలామంది జపనీయులది దాదాపు ఇదే ఆకారం. అందుకని లిజనింగ్, రీడింగ్‌లకు వారంలో ఒక్క పూటే కేటాయించాం.

రైటింగ్‌లో వ్యాకరణం కంటే ముందు వరస అడ్డొచ్చింది. ప్రజా రవాణా ఉచితంగా ఉండాలా అన్న ప్రశ్నకి ఆయన ఎస్సే ఇలా సాగింది. మొదటి పేరాలో జపాన్ రైళ్ళ చరిత్ర. రెండో పేరాలో టికెట్ ధరలు. మూడో పేరాలో ఉన్నట్టుండి పల్లెల్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు. చివరి పేరా ఆఖరి వాక్యంలో ఆయన అభిప్రాయం. ఇది గాలివాటంగా రాసింది కాదు. కి-షో-తెన్-కెత్సు అని జపాన్ బళ్ళలో నేర్పే నాలుగు మెట్ల పద్ధతి: ఎత్తుగడ, కొనసాగింపు, మలుపు, ముగింపు. చదవడానికి బాగుంటుంది. ఐఈఎల్‌టీఎస్ ఎగ్జామినర్‌కి మాత్రం ఆ మూడో పేరా దారితప్పినట్టు కనిపిస్తుంది, నాలుగు కొలమానాల్లో రెండింటికి అక్కడే గండి పడుతుంది.

దీన్ని విడమర్చి చెప్పినా అలవాటు పోలేదు. పనిచేసింది ఆయన ఆఫీసు కాగితమే. విదేశీ కస్టమర్‌కి లోపాల మీద పంపే 8డీ రిపోర్ట్ ఒకటి తెమ్మన్నాను. అందులో సమస్య ఏంటో, కారణం ఏంటో పైనే ఉన్నాయి, ఎక్కడా మలుపుల్లేవు. "ఎగ్జామినర్ మీ కస్టమర్ అనుకోండి, రెండో పేజీ దాకా చదివే ఓపిక లేని కస్టమర్" అన్నాను. ఆ వారం నుంచి అభిప్రాయం మొదటి పేరాలోకి వచ్చింది.

వ్యాకరణం తప్పులకి ఆయనే దారి కనిపెట్టారు. నేను దిద్దిన ఎస్సేల్లోని తప్పులన్నీ ఎక్సెల్‌లో ఎక్కించి, ఎక్కువసార్లు వచ్చిన తప్పు నుంచి తక్కువసార్లు వచ్చినదాని దాకా వరసగా కడ్డీలు పేర్చే పరేటో చార్ట్ వేసుకొచ్చారు. అన్నిటికంటే పొడుగు కడ్డీ ఆర్టికల్స్‌ది, రెండోది బహువచనం 'ఎస్', మూడోది ప్రిపోజిషన్లు. పదజాలం ఎక్కడో చివర చిన్న కడ్డీ. అప్పటిదాకా ఆయన రోజూ రాత్రి చదువుతున్నది వొకాబులరీ పుస్తకం. దాన్ని మూసేయించాను.

స్పీకింగ్ మూడో భాగంలో విషయాలు కొంచెం లోతుగా అడుగుతారు. కె-సాన్ జవాబు రెండు ముక్కల్లో అయిపోయేది, "ఇట్ డిపెండ్స్" అనేసి తల ఊపేవారు. టొయోటా పద్ధతిలో పుట్టిన 'ఐదు ఎందుకులు' ఈ ప్రాంతంలో ఏ ప్లాంట్‌లో అయినా రోజూ వాడే పనిముట్టు. మిషన్ ఆగింది, ఎందుకు? ఫ్యూజు పోయింది, ఎందుకు? అలా మూలకారణం దాకా వెళ్తారు. దాన్నే తీసుకున్నాను. ఆయన ఏ జవాబు చెప్పినా నేను "వై?" అంటాను, మూడుసార్లు అయ్యేదాకా వదలను. కొన్నాళ్ళకి నేను అడగకుండానే చెప్పడం మొదలుపెట్టారు. ఉచ్చారణకి షాడోయింగ్ (విన్నది విన్నట్టే వెంటనే పలకడం) ఒక్కటే చేయించాను, కార్లో ప్లాంటుకి వెళ్ళేటప్పుడు.

ఫలితాలు

మొదటి అసలు పరీక్ష 2025 నవంబర్‌లో: లిజనింగ్ 8, రీడింగ్ 7.5, రైటింగ్ 6, స్పీకింగ్ 6.5. ఇంజినీర్స్ ఆస్ట్రేలియా అడిగే నాలుగింటా 6 దీంతోనే తీరిపోయింది, ఆ కాగితంతో అర్హతల మదింపుకి పెట్టేశారు. ఇక్కడ ఒక సూచన: అసలు లక్ష్యం అందేదాకా మదింపు ఆపుకోవద్దు, అదీ సమయం తీసుకుంటుంది.

రెండో పరీక్షలో లిజనింగ్ 8, రీడింగ్ 8, స్పీకింగ్ 7, రైటింగ్ 6.5. అర బ్యాండ్ దగ్గర ఆగింది. కంప్యూటర్ మీద రాసిన ఐఈఎల్‌టీఎస్‌కి వన్ స్కిల్ రీటేక్ ఉంది: ఒక పరీక్షకి ఒక్కసారి, ఏదో ఒక్క విభాగం, 60 రోజుల లోపు మళ్ళీ రాసుకోవచ్చు, ఆస్ట్రేలియా వీసాకి అది చెల్లుతుంది. కె-సాన్ రైటింగ్ మాత్రం మళ్ళీ రాశారు. మళ్ళీ 6.5.

ఈలోపు భార్య విషయం కూడా కదిలింది. ఆమె టోయిక్ 610. ఆస్ట్రేలియాలో నర్సుగా నమోదు కావాలంటే ఐఈఎల్‌టీఎస్‌లో లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో 7, రైటింగ్‌లో 6.5, లేదా వైద్యరంగం వాళ్ళ ఓఈటీలో దానికి సమానమైన గ్రేడులు ఉండాలి. ఓఈటీ రైటింగ్ అంటే రోగి నోట్స్ చూసి రిఫరల్ లెటర్ రాయడం, స్పీకింగ్ అంటే రోగితో మాట్లాడటం. వార్డులో పనిచేసిన మనిషికి ఓఈటీయే నయమని నా అభిప్రాయం, ఆమెదీ అదే. కానీ ఖర్చు ఐఈఎల్‌టీఎస్‌కి దాదాపు రెట్టింపు, ఆ స్థాయికి ఆమె ఇంకా చాలా దూరంలో ఉన్నారు. ఇప్పటికి భర్త దరఖాస్తులో ఆమెకి కావలసింది ఐఈఎల్‌టీఎస్ సగటు 4.5 మాత్రమే, అదీ లేకపోతే వీసా సమయంలో వేల డాలర్లు అదనంగా కట్టాలి. ఆమె రాశారు, 5 వచ్చింది. అదనపు రుసుము తప్పింది, భాగస్వామి పాయింట్లు 5 మాత్రం రాలేదు. ఓఈటీ ఆస్ట్రేలియా చేరాక చూద్దామని నిర్ణయించుకున్నారు.

ఇప్పుడు లెక్క మళ్ళీ కాగితం మీదికి. ఎవరి నామినేషనూ అక్కర్లేని శాశ్వత వీసా 189. దానికి ఉన్నది 55. అది కనీసానికి కూడా సరిపోదు. 491కి మాత్రం 55కి 15 కలిపితే 70. ఇంగ్లిష్ నుంచి ఒక్క పాయింటూ అక్కర్లేదు. మొదటి రోజు వద్దనుకున్న దారి ఇది. భార్యాభర్తలు రెండు వారాలు మాట్లాడుకున్నారు. అడిలైడ్‌లో మూడేళ్ళు ఉండటమంటే పాపకి ప్రైమరీ స్కూల్ అక్కడే మొదలై అక్కడే సాగుతుంది కదా అని ఆవిడే అన్నారట. స్కూల్ మార్పు గురించి ఆయన పడిన భయం ఆ మాటతో పోయింది.

2026 వసంతంలో కె-సాన్ 491 కింద ఆసక్తి ప్రకటన వేశారు. పిలుపు కోసం చూస్తున్నారు. స్కిల్డ్ వీసాకి ఐఈఎల్‌టీఎస్ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది, వయసు పాయింట్లు 40 ఏళ్ళు నిండేదాకా ఇవే, కాబట్టి తొందర లేదు. శనివారాలు ఒక ఎస్సే పంపుతూనే ఉన్నారు. తర్వాతి పరీక్షలో రైటింగ్ 7 పడి, మిగతా మూడూ నిలబడితే ఆయన 70 కాస్తా 80 అవుతుంది, రాష్ట్రం నామినేట్ చేస్తే 190కి కూడా 70 చూపించవచ్చు. మొన్న వచ్చిన చార్టులో ఆర్టికల్స్ కడ్డీ రెండో స్థానానికి దిగింది. మొదటి స్థానం ఇప్పుడు ప్రిపోజిషన్లది, వచ్చే నెలంతా వాటి మీదే.